మూతి మూసేది క్రింప్, పట్టుకునేది కేసు

(సెమీ ఆటోమేటిక్ పిస్టల్ రౌండ్ల రీలోడింగ్, అంటే వాడిన ఇత్తడి గొట్టాన్ని మళ్ళీ నింపి రౌండ్ చేయడం, కొత్తగా మొదలుపెట్టినవాళ్ళ కోసం చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే.

ముందుగా, ఈ బల్ల మీద ఉన్న రౌండ్లన్నీ డమ్మీలు. పౌడర్ లేదు, పిన్ దెబ్బకి నిప్పు పుట్టించే ప్రైమర్ లేదు. అడుగున ప్రైమర్ ఉండాల్సిన చోట ఖాళీ గుంట కనిపిస్తుంది. నేను చెప్పానని నమ్మకండి, చేతిలోకి తీసుకున్న ప్రతి ఒక్కరూ తిప్పి చూసుకోండి. చట్టం ఒప్పుకుని, లైసెన్సు ఉన్నచోట మాత్రమే చేసే పని ఇది. ఇక్కడున్నవాళ్ళకి ఆ సంగతి తెలుసు కాబట్టి దాని మీద ఎక్కువ సేపు ఉండను.

ఇంకో చిన్న సర్దుబాటు. మన మాటల్లో తూటా అన్నా, బుల్లెట్ అన్నా, గుండు అన్నా ఒకటే అయిపోయింది. ఇవాళ మాత్రం విడదీసి మాట్లాడుకుందాం. ఇత్తడి గొట్టం కేసు. ముందుకు ఎగిరిపోయేది బుల్లెట్. అన్నీ కలిపి బిగించాక అది రౌండ్. కేసుకి పైనున్న తెరిచిన అంచుని మూతి అంటాను. ఇవాళ్టి కథంతా ఆ మూతి దగ్గరే.

నేను మొదటిసారి లోడ్ చేసినవి 9 ఎంఎం రౌండ్లు, యాభై. బుల్లెట్ ఊడిపోతుందేమో, లోపలికి జారిపోతుందేమో అని ఒకటే టెన్షన్. దాంతో క్రింప్ డైని, అంటే చివర్లో మూతిని బుల్లెట్ మీదికి నొక్కి మూసే అచ్చుని, చెప్పినదానికంటే ఇంకో అర చుట్టు కిందికి తిప్పాను. చూడ్డానికి ఎంత బాగున్నాయో! మూతి దగ్గర ఇత్తడి బుల్లెట్‌లోకి దిగిపోయి, నున్నగా, కంపెనీ రౌండ్ల కంటే అందంగా కనిపించాయి. రేంజ్‌కి వెళ్ళాను. రెండు పేలాయి. మూడోది టిక్ అంది, అంతే. కాసేపు ఆగి, స్లైడ్ వెనక్కి లాగి ఆ రౌండ్ బయటకి తీశాను. ప్రైమర్ మీద సొట్ట ఉంది గానీ లోతు లేదు. ఇంటికొచ్చి కాలిపర్‌తో కొలిస్తే ముందు 29.2 మిల్లీమీటర్లున్న రౌండ్ 28.6 అయింది. నేను బిగించాననుకున్న బుల్లెట్ లోపలికి జారింది.

మిగిలిన నలభై ఏడూ సుత్తి పుల్లర్‌తో విప్పాను. ఆ పుల్లర్ తెలుసుగా, ప్లాస్టిక్ సుత్తి తలలో రౌండ్ పెట్టి నేలకేసి కొడితే బుల్లెట్ ఊడొస్తుంది. మామూలుగా నాలుగైదు దెబ్బలైనా పడుతుంది. నావి ఒక్క దెబ్బకి, ఎక్కువంటే రెండు దెబ్బలకి వచ్చేశాయి. ప్రతి బుల్లెట్ చుట్టూ గోరుకి తగిలేంత గాడి. అంత గట్టిగా నొక్కితే పట్టు పెరగాలి కదా? ఎందుకు తగ్గింది?

దీనికి జవాబు లోహాల స్వభావంలో ఉంది. ఇత్తడికి స్ప్రింగు గుణం ఎక్కువ. వెదురు బద్దని వంచి వదిలితే కొంత వెనక్కి లేచినట్టు, నొక్కిన ఇత్తడి కూడా కొంచెం వెనక్కి వస్తుంది. బుల్లెట్ లోపలున్నది సీసం. సీసం తడి మట్టి లాంటిది, ఎంత నొక్కితే అంతే ఉండిపోతుంది. డైలో రెండూ కలిసి నలిగాయి. డై పైకి లేచాక ఇత్తడి కొంచెం వెనక్కి వచ్చింది, సీసం రాలేదు. మధ్యలో వెంట్రుకవాసి సందు పుట్టింది. నేను బిగించింది నిజమే, బిగించి వదులు చేశాను.

అందుకే ఈ ఒక్కటి రాసుకోండి. సెమీ ఆటోమేటిక్ పిస్టల్ రౌండ్‌లో బుల్లెట్‌ని పట్టుకునేది క్రింప్ కాదు. కేసు గోడ మొత్తం బుల్లెట్ ఒంటిని చుట్టుకుని పట్టుకుంటుంది. దాన్నే నెక్ టెన్షన్ అంటారు. (నవ్వులు) అవును, నాకున్న టెన్షన్ కాదు, కేసుకుండే టెన్షన్. సైజింగ్ డై కేసుని బుల్లెట్ వ్యాసం కంటే కొంచెం సన్నగా నొక్కుతుంది. తర్వాత అందులోకి బుల్లెట్ దిగుతుంటే ఇత్తడి సాగి దాన్ని హత్తుకుంటుంది. బాగా చేసిన రౌండ్‌ని పక్కనుంచి చూడండి. బుల్లెట్ అడుగు ఎక్కడుందో అక్కడ కేసు నడుం చిక్కినట్టు కనిపిస్తుంది. చాలామంది కొత్తవాళ్ళు అది చూసి ఏదో పాడైందని కంగారు పడతారు. అది మంచి గుర్తు. అది లేకపోతే అనుమానించాలి.

మరి క్రింప్ ఎందుకు? బుల్లెట్‌ని లోపలికి దించాలంటే ముందు మూతిని కొంచెం వెడల్పు చేయాలి, బూర మూతిలాగా. ఆ వెడల్పు అలాగే వదిలేస్తే రౌండ్ చాంబర్‌లోకి, అంటే బారెల్ వెనక అది కూర్చునే గదిలోకి, దిగదు. ఆ విప్పిన మూతిని మళ్ళీ నిటారుగా చేయడమే క్రింప్ పని. పిస్టల్‌కి వాడేది టేపర్ క్రింప్, అంటే ఏటవాలుగా, మెల్లగా మూసేది.

ఇక్కడ కొంచెం ఆగుదాం, నా టిక్ శబ్దానికి కారణం ఇక్కడే ఉంది. 9 ఎంఎం లూగర్, 1902 నుంచీ ఉన్న డిజైన్. పాయింట్ 45 ఏసీపీ, 1911 పిస్టల్‌తో పేరొచ్చింది. పాయింట్ 40 ఎస్ అండ్ డబ్ల్యూ, 1990లో వచ్చింది. ఈ మూడింటికీ అడుగున బయటికి పొడుచుకొచ్చే రిమ్ లేదు. మరి రౌండ్ చాంబర్‌లో ఎంతవరకు దిగాలో ఎవరు ఆపుతారు? చాంబర్ చివర ఒక సన్నని మెట్టు ఉంటుంది. కేసు మూతి అంచు ఆ మెట్టు మీద ఆనుతుంది. ఆ అంచుని బుల్లెట్‌లోకి మడిచేస్తే ఆనడానికి ఏమీ మిగలదు. రౌండ్ మెట్టు దాటి ముందుకి పోతుంది, కేసుని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ గోరు పట్టుకుంటే దాని దయవల్ల ఆగుతుంది. ఫైరింగ్ పిన్ దెబ్బ బలంగా తగలదు. ఇంకా చెడ్డ సందర్భంలో మూతి ముందుకెళ్ళి, చాంబర్ ముందు సన్నబడే గొంతు దగ్గర ఇరుక్కుంటే, పేలినప్పుడు అంచు తెరుచుకోవడానికి చోటుండదు. అప్పుడు బుల్లెట్‌ని వదలాల్సిన కేసు వదలదు, ప్రెషర్ పెరుగుతుంది.

ఇప్పుడు అంకెలు, కొంచెమే. 9 ఎంఎం రౌండ్‌కి మూతి దగ్గర గరిష్ఠ వ్యాసం 9.65 మిల్లీమీటర్లు. బుల్లెట్ 9.02 అనుకోండి. మీ కేసు గోడ మూతి దగ్గర 0.28 మందం ఉందనుకోండి, రెండు వైపులా కలిపితే 0.56. కూడితే 9.58. మూతి నిటారుగా అయిందంటే కాలిపర్‌లో 9.58 దగ్గర చూపించాలి. దానికంటే ఓ 0.02, 0.03 తక్కువైతే పర్వాలేదు. 9.45 చూపిస్తే మీరు బుల్లెట్‌ని కోస్తున్నారు. పాయింట్ 45కి గరిష్ఠం 12.01, మంచి రౌండ్లు 11.95 చుట్టూ వస్తాయి. ఈ అంకెని ఎవరి దగ్గర్నుంచో అరువు తెచ్చుకోకండి. ఒక్కో కంపెనీ ఇత్తడి ఒక్కో మందం. మీ కేసు గోడ కొలవండి, మీ బుల్లెట్ కొలవండి, కూడండి. కాలిపర్ కొసలతో, అంచు చివర కొలవాలి. కాస్త కిందికి జరిగితే తప్పు అంకె వస్తుంది.

బుల్లెట్ దించడం, అంటే సీటింగ్, దీనికి అన్నయ్య లాంటిది. క్రింప్ తప్పయితే చాలాసార్లు టిక్‌తో పోతుంది. సీటింగ్ లోతు తప్పయితే అంత సులభంగా పోదు.

9 ఎంఎం కేసు చాలా చిన్నది. గరిష్ఠ పొడవు 19.15. అందులో అడుగు మందం పోగా, బుల్లెట్ ఆక్రమించింది పోగా, పౌడర్‌కి మిగిలే గది గుప్పెడు కాదు, చిటికెడు. ఆ గది మీద బుల్లెట్ ఇంకాస్త కిందికి దిగితే అదే పౌడర్ ఇంకా ఇరుకులో మండుతుంది, ప్రెషర్ అమాంతం లేస్తుంది. ఒక అమెరికన్ బుల్లెట్ కంపెనీ తన మాన్యువల్లో ఒక పరీక్ష ఫలితం ఇచ్చింది. 9 ఎంఎంలో 28,000 కాపర్ యూనిట్ల (రాగి ముక్క ఎంత నలిగిందో చూసి లెక్కించే కొలత) ప్రెషర్ ఇచ్చే లోడ్‌నే తీసుకుని బుల్లెట్‌ని 0.76 మిల్లీమీటర్లు లోతుగా దించితే 62,000కి చేరింది. నా మొదటి రౌండ్ జారింది ఎంత? 0.6. ఆ రోజు అది టిక్ అని ఊరుకోవడం నా అదృష్టం, తెలివి కాదు.

పాయింట్ 45 ఏసీపీ కేసు పెద్దది, పనిచేసే ప్రెషరూ తక్కువ. 9 ఎంఎం గరిష్ఠం 35,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు, ఇది వేరే కొలత) అయితే దీనిది 21,000. అందుకని అది కొంత క్షమిస్తుంది. కొంతే.

ఎంత పొడవు పెట్టాలి? 9 ఎంఎం రౌండ్ మొత్తం పొడవు 29.69 దాటకూడదు, పాయింట్ 45 అయితే 32.39. అయితే ఇవి గరిష్ఠాలు, మనం అందుకోవాల్సిన లక్ష్యాలు కాదు. బుల్లెట్ ముక్కు ఆకారాన్ని బట్టి మారిపోతుంది. గుండ్రటి ముక్కున్న బుల్లెట్ పొడవుగా ఉన్నా చాంబర్‌లో దిగుతుంది. అదే బరువున్న చదును ముక్కు బుల్లెట్ అయితే భుజాలు ముందుకి ఉంటాయి, అదే పొడవు పెడితే వెళ్ళి రైఫ్లింగ్‌కి, అంటే బారెల్ లోపలి మెలి గాళ్ళ అంచులకి, గుద్దుకుంటుంది. కాబట్టి మాన్యువల్లో మీ బుల్లెట్‌కే ఇచ్చిన పొడవుతో మొదలుపెట్టండి. మీ బారెల్ ఒప్పుకోక అంతకంటే పొట్టిగా చేయాల్సి వస్తే, పౌడర్ మళ్ళీ కనిష్ఠం నుంచి మొదలుపెట్టాల్సిందే. పొడవు మార్చి పౌడర్ అలాగే ఉంచడం, రోడ్డు సగమై పోయినా స్పీడు తగ్గించకుండా బండి నడపడం లాంటిది.

మీ బారెల్‌ని ఎలా అడగాలో చూపిస్తాను. పిస్టల్ విప్పి బారెల్ ఒక్కటే బయటకి తీశాను, చాంబర్ నోరు పైకి పెట్టాను. ఈ డమ్మీని వేళ్ళతో వదిలేస్తున్నాను, తొయ్యడం లేదు. (టక్ మని శబ్దం) విన్నారా? ఇత్తడి మెట్టు మీద ఆనిన శబ్దం అది. ఇప్పుడు వేలితో తిప్పుతున్నాను, తిరుగుతోంది. బోర్లించాను, దాని బరువుకే పడిపోయింది. ఈ మూడూ జరిగితే ఆ రౌండ్ ఈ బారెల్‌కి పనికొస్తుంది. ఇది రెండోది. వదిలాను. టక్ లేదు, మెత్తగా ఆగింది. తిప్పితే గీసుకుంటున్నట్టుంది. ఎందుకు ఆగింది? చూసి చెప్పలేం. అందుకే మార్కర్. బుల్లెట్‌కీ, మూతి చుట్టూ, కింది దాకా నల్లగా రంగు పూశాను. మళ్ళీ వేసి, ఒక్కసారి మెల్లగా తిప్పి, తీశాను. దగ్గరికొచ్చి చూడండి. బుల్లెట్ వంపు మీద చిన్న చిన్న గీతలు, సమాన దూరాల్లో. అవి రైఫ్లింగ్ గీసినవి. అంటే ఈ రౌండ్ పొడవెక్కువ. ఈ మరకలే మూతి అంచు మీద చుట్టూ రంగు పోయినట్టు ఉంటే విప్పిన మూతి పూర్తిగా మూయలేదు. ఒక పక్కనే, బుల్లెట్ అడుగు దగ్గర పోయి ఉంటే బుల్లెట్ వంకరగా దిగి ఆ వైపు ఇత్తడి ఉబ్బింది. కేసు అడుగున పోయి ఉంటే సైజింగ్ డై కిందిదాకా రాలేదు.

రైఫ్లింగ్‌కి తగలని గరిష్ఠ పొడవు దొరికాక, దానికి ఓ 0.4 తగ్గించి మీ పొడవుగా పెట్టుకోండి. ఒక్కో బుల్లెట్ ముక్కు ఒక్కోలా ఉంటుంది, ముక్కుని నొక్కి దించే డై స్టెమ్ మీద ఆనే చోటూ మారుతుంది, అందుకే ఆ వెసులుబాటు. మ్యాగజైన్‌లో కూడా పడుతుందో లేదో చూడండి. బారెల్‌కి నచ్చి మ్యాగజైన్‌కి నచ్చనివి ఉంటాయి.

డై బిగించడం గురించి త్వరగా చెప్పేస్తాను, చేతిలో ఉంటే అదే వస్తుంది. సీటింగ్ డైని క్రింప్ తగలనంత పైకి పెట్టండి. స్టెమ్‌ని కొద్దికొద్దిగా దించుతూ, ప్రతిసారీ కొలుస్తూ మీ పొడవుకి రండి. గుండ్రటి ముక్కుకి గుండ్రటి స్టెమ్, చదునుదానికి చదును స్టెమ్. తప్పు స్టెమ్ పెడితే ముక్కు నలుగుతుంది, పొడవు నిలవదు. క్రింప్ డైకి వచ్చేసరికి, సీట్ చేసిన రౌండ్‌ని ర్యామ్‌తో, అంటే ప్రెస్‌లో రౌండ్‌ని డైలోకి లేపే కడ్డీతో, పూర్తిగా పైకి లేపి, డైని చేత్తో కిందికి తిప్పుతూ మూతిని తాకేదాకా తెండి. తర్వాత ర్యామ్ దించి, ఎనిమిదో వంతు చుట్టు తిప్పి చూడండి. మామూలు డైల మర అంగుళానికి 14 చుట్లు. అంటే ఒక చుట్టుకి 1.8 మిల్లీమీటర్లు, ఎనిమిదో వంతుకి 0.23. టేపర్ సన్నటి ఏటవాలు కాబట్టి మూతి వ్యాసం అంతకంటే చాలా తక్కువ మారుతుంది. కొలవండి, మళ్ళీ కొంచెం తిప్పండి. చేతివాటం మీద అర చుట్టు తిప్పకండి. తిప్పినవాణ్ణి నేను, చెప్తున్నాను.

సీటింగ్, క్రింప్ రెండూ ఒకే డైలో చేయొచ్చా అని మొదటివరసలో ఒకరు ఇందాక అడిగారు. చేయొచ్చు, చాలా డైలు అలా కూడా వస్తాయి. కానీ ఆలోచించండి. బుల్లెట్ ఇంకా కిందికి దిగుతూనే ఉంది, అదే సమయంలో మూతి లోపలికి మూసుకుంటోంది. ఆ అంచు దిగుతున్న బుల్లెట్‌ని గీకేస్తుంది. సీసం బుల్లెట్ అయితే మూతి దగ్గర ఉంగరంలా సీసం పేరుకుంటుంది, ఆ ఉంగరం వల్ల రౌండ్ చాంబర్‌లో ఆనదు. పల్చటి రాగి పూత ఉన్న ప్లేటెడ్ బుల్లెట్ అయితే పూత తెగుతుంది. పైగా మన కేసులన్నీ ఒకే పొడవు ఉండవు. పొడుగు కేసుకి క్రింప్ ముందే మొదలవుతుంది, పొట్టిదానికి ఆలస్యంగా. అందుకే డిల్లాన్ కంపెనీ పిస్టల్ సెట్లలో క్రింప్ డై విడిగానే వస్తుంది, లీ కంపెనీ నాలుగు డైల సెట్‌లో నాలుగోది అందుకే ఉంది. లీ వాళ్ళ ఆ నాలుగో డైలో ఒక కార్బైడ్ రింగు కూడా ఉంటుంది, రౌండ్‌ని చివర్లో మళ్ళీ ఒకసారి సైజు చేస్తుంది. సీసం మీద గట్టి రాగి తొడుగున్న జాకెట్ బుల్లెట్‌కి హాయిగా ఉంటుంది. 9.04 ఉన్న లావు సీసం బుల్లెట్‌కి మాత్రం జాగ్రత్త, ఆ రింగు లోపలి సీసాన్ని కూడా నొక్కేయొచ్చు. ఫలితం మళ్ళీ నా పాత కథే, ఇత్తడి లేస్తుంది, సీసం లేవదు.

పట్టు చాలినంత ఉందో లేదో తెలిసేది ఎలా? రౌండ్ పొడవు కొలిచి రాసుకోండి. బుల్లెట్ ముక్కుని బల్ల అంచుకి ఆనించి, కేసు అడుగు మీద బొటనవేలు పెట్టి గట్టిగా తోయండి, ఒళ్ళు బిగించి. మళ్ళీ కొలవండి. అంకె మారకూడదు. ఇదిగో ఈ డమ్మీ నిన్న రాత్రి కావాలని ఎక్కువ క్రింప్ చేసి తెచ్చాను, మీలో ఎవరైనా వచ్చి నొక్కండి. (ఒకరు ముందుకొచ్చి నొక్కుతారు) ఎంత? 29.10 ఉండేది, 28.81. చూశారా, వేలికే లొంగింది. పిస్టల్‌లో స్లైడ్ వేగంగా వచ్చి దీన్ని ఫీడ్ ర్యాంప్‌కి, అంటే చాంబర్‌లోకి ఎక్కించే ఏటవాలుకి, గుద్దుతుంది, ఆ దెబ్బ ముందు మీ బొటనవేలు ఎంత? ఇదే పరీక్షని డమ్మీతో మ్యాగజైన్‌లోంచి లోడ్ చేసి, తీసి, కొలిచి కూడా చేయొచ్చు. డమ్మీతోనే.

ఇంకొకటి, ఒక రౌండ్‌ని పుల్లర్‌తో విప్పి బుల్లెట్ ఒంటిని చూడండి. చుట్టూ సన్నటి మెరుపు గీత ఉంటే సరే. వేలిగోరు తట్టుకుంటే క్రింప్ ఎక్కువైంది.

ప్రశ్నలు? అడగండి.

రివాల్వర్ రౌండ్లకి మూతి బాగా మడిచి ఉంటుందిగా, అవి ఎలా పనిచేస్తున్నాయి అంటున్నారు. మంచి ప్రశ్న. పాయింట్ 38 స్పెషల్, పాయింట్ 357 మాగ్నమ్ రౌండ్లకి అడుగున రిమ్ ఉంటుంది, అది సిలిండర్ వెనక ఆనుతుంది. మూతికి ఆపే పని లేదు, మడిచినా నష్టం లేదు. పైగా రివాల్వర్‌లో భయం రివర్స్‌లో ఉంటుంది. పేలినప్పుడల్లా తుపాకీ వెనక్కి తంతుంటే, మిగతా రౌండ్లలో బుల్లెట్ బరువుకి ముందుకి జారి బయటికి వస్తుంది, సిలిండర్ తిరగకుండా ఇరుక్కుంటుంది. అందుకే అక్కడ బుల్లెట్‌కి గాడి ఉంటుంది, మూతిని ఆ గాడిలోకి మడుస్తారు. అదొక పని, మనది ఇంకొక పని. రెండింటినీ ఒకే డైతో చేయాలనుకున్నవాళ్ళే ఎక్కువగా చెడగొట్టుకుంటారు.

కంపెనీ రౌండ్లని చాంబర్‌లో పెట్టి తీసి, మళ్ళీ మళ్ళీ అదే రౌండ్ పెట్టొచ్చా? అంటే రోజూ అన్‌లోడ్ చేసేవాళ్ళా? వాళ్ళయితే కొలవండి. కంపెనీదైనా మనదైనా బుల్లెట్‌కి పడే దెబ్బ ఒకటే. కొత్తగా తీసిన రౌండ్ పక్కన ఆ పాత రౌండ్‌ని నిలబెట్టి చూడండి, తేడా కంటికే కనిపిస్తే దాన్ని మళ్ళీ లోడ్ చేయకండి. కనిపించకపోయినా కాలిపర్ పెట్టండి.

ఇక డమ్మీలు వెనక్కి ఇచ్చేయండి. ఆ 28.81 రౌండ్ ఎవరి దగ్గరుంది? దాన్ని మాత్రం విడిగా ఇవ్వండి, మిగతా వాటిలో కలపకండి.